పాషావారి ఉబ్బసం

బొటనవేలంత పిట్ట గొంతులో ఒక మగవాడి పరువు మొత్తం ఇముడుతుంది. ఈ సత్యాన్ని అల్జీర్స్ నగరంలోని బాబ్ ఎల్ ఊద్ పేట ఏనాడో శిరసావహించింది. అక్కడ ఎవరి తాత ఏ యుద్ధంలో ఏం చేశాడని అడగరు. ఎవరి మక్నీన్ ఎలా పాడుతుందని అడుగుతారు. ఎర్రని ముఖం, పసుపు చారల రెక్కలు గల ఆ పిట్ట బాగా పాడితే దాని యజమానికి కాఫీ హోటల్లో గోడవారనున్న మెత్తటి కుర్చీ దక్కుతుంది. పాడకపోతే గుమ్మం దగ్గర, చీపురు పక్కన, ముక్కాలిపీట.

రేవులో క్రేన్ నడిపి పదవీ విరమణ చేసిన మెజియాన్ చాలాకాలంగా ఆ ముక్కాలిపీటను అలంకరిస్తున్నాడు. ఆ అవమానయుగాన్ని అంతం చేయడానికే, పంజరంలో పుట్టి, ముఖాన ఇంకా ఎరుపైనా రాని ఒక పిల్లపిట్టను తెచ్చి పాషా అని నామకరణం చేశాడు. పేట సంప్రదాయం ప్రకారం పిల్లపిట్టకు గురుకులవాసం తప్పదు. పంజరానికి తెల్లగుడ్డ కప్పి, లోకాన్ని చూడనివ్వక, ఉత్తమమైన పాటను మాత్రమే విననివ్వాలి. పిచ్చుక కూత చెవినబడినా చదువు చెడినట్టే. అందుచేత మెజియాన్ పంజరాన్ని పిచ్చుకలకు అందని చోట, బాల్కనీ తలుపు మూలన వేలాడదీసి, ఒక ఉద్దండ పిట్ట పాటను రెండు పూటలా సెల్‌ఫోన్‌లో వినిపించాడు.

ఆ గురువారం ఉదయం అతని కార్యక్రమం సర్వసాధారణమైనది: కాఫీ తాగడం, గడ్డం గీయించుకోవడం, మర్నాడు జుమా నమాజు తరువాత హోటల్లో పాషాకు అరంగేట్రం జరిపించడం.

"ఏమయ్యా, మంగలి దగ్గరికి తర్వాత పోదువుగాని, ముందు ఆ తలుపు సంగతి చూడు. రంజాన్ నుంచీ మొత్తుకుంటున్నా," అంది భార్య వర్దియా.

"రేపు నా బతుకు తేలిపోతుంటే తలుపేమిటే!"

ఆ సమయంలోనే గుడ్డ లోపలినుంచి ఒక శబ్దం వెలువడింది. అది పాట కాదు. కీ...ర్ర్ర్... అంటూ, ప్రాణం పోయేముందు ముసలివాడు లాగే ఊపిరిలా ఉంది. మెజియాన్ కాఫీ కప్పు వదిలేసి పంజరం దగ్గరికి ఉరికాడు.

"వర్దియా! పిల్లవాడికి ఆయాసం!"

"పిల్లవాడా? కన్నకొడుక్కి కోరింతదగ్గు వచ్చినప్పుడు రేవులో డ్యూటీ ఉందని పోయావు కదయ్యా!"

చరిత్రను తవ్వే సమయం కాదది. మెజియాన్ పంజరం ఎత్తుకుని హోటలుకు పరుగెత్తాడు. మెత్తటి కుర్చీలో ఆసీనుడై ఉన్న హాజ్ తెయ్యిబ్ గుడ్డ అంచు ఎత్తి, కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి విన్నాడు.

"జలుబు, నాయనా. తలుపులు బిగించు. వెచ్చగా ఉంచు."

"జలుబా?" అన్నాడు కసాయి కొట్టు అరెజ్కీ. వరుసగా మూడు శుక్రవారాలు తన పిట్టతో అందరి నోళ్ళూ మూయించినవాడు. "వేడి చేసింది. తలుపులు బార్లా తియ్యి, గాలి తగలనీ. మెజియాన్ అన్నా, ఈ హాజ్ మాట వింటే రేపటికి దాన్ని పాతిపెట్టుకుంటావ్."

"ఒరేయ్, నువ్వు మేకల్ని కోసేవాడివి. బతికించే విద్య నీకెక్కడిదిరా?"

పెద్దలిద్దరిలో ఎవరినీ నొప్పించడం మెజియాన్‌కు ఇష్టం లేదు. ఇంటికి వెళ్ళి, కాసేపు హాజ్ మతాన్ని అనుసరించి బాల్కనీ తలుపు మూశాడు. కాసేపు అరెజ్కీ మతాన్ని అనుసరించి తెరిచాడు. మూసినప్పుడు జలుబును, తెరిచినప్పుడు వేడిని శపించాడు. పొద్దంతా ఈ రెండు శాస్త్రాల మధ్య తలుపు ఊగిసలాడింది. సాయంత్రానికి పాషా ఆయాసం రెట్టింపయింది. మందు ముదిరేకొద్దీ రోగమూ ముదిరింది. మర్నాడు అరంగేట్రం రద్దయింది. పైగా ఈకలు రాలసాగాయి. మెజియాన్ వాటిని ఏరి, ఎప్పటికైనా వైద్యులకు సాక్ష్యంగా చూపవచ్చునని అగ్గిపెట్టెలో దాచాడు. వామాకు కాచిన ఆవిరి పట్టాడు. చుక్క తేనె నాకించబోతే పాషా అతని వేలు పొడిచింది. ఆ పొడుపులోని బలాన్ని చూసి ఉపశమనం పొందడం అతనికి తోచలేదు.

రోజూ మధ్యాహ్నం రోగిని హోటలుకు తీసుకుపోయి, తక్కిన పిల్లపిట్టల వరుసలో వేలాడదీసి, పెద్దల పరీక్షకు పెట్టేవాడు. అక్కడే ఉపద్రవం జరిగింది. ఒకనాడు అరెజ్కీ కొత్తగా తయారుచేస్తున్న అమీర్ అనే పిల్లపిట్ట నోరు తెరిచి, కీ...ర్ర్ర్... అంది.

హోటల్లో గాజుగ్లాసులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. రెండు రోజుల్లో మరో రెండు పంజరాలు అదే మాట అన్నాయి. ఆ వారాంతానికి మహమ్మారి వ్యాపించినట్టు పేట నిర్ధారించుకుంది. గుడ్డలు కప్పిన పంజరాలు సందుల్లో గబగబా ఇళ్ళకు మళ్ళాయి. మెజియాన్‌ను చూసి జనం పక్క మెట్లు ఎక్కారు. హోటలువాడు అతని ముక్కాలిపీటను డెట్టాలుతో కడిగి ఎండలో పెట్టాడు.

"మెజియాన్ అన్నా, చెబుతున్నా విను," అన్నాడు అరెజ్కీ, తన కొట్టులో కత్తి నూరుతూనే. "నా అమీర్‌కేమైనా అయిందా, వల్లా, దేవుడి తోడు, నువ్వు జన్మలో ఆ హోటలు గడప తొక్కవు."

మెజియాన్‌కు ఆ బెదిరింపు చెవికెక్కలేదు. పాషా పోతుందనే భయం ముందు కుర్చీలూ పీటలూ అతనికి ఒక్కటైపోయాయి. అన్నం మానేసి పంజరం కింద చాప పరుచుకున్నాడు. చివరికి వర్దియాకే జాలి కలిగి పశువుల డాక్టరును పిలిపించింది.

డాక్టర్ నర్జిస్ ఎక్కువగా బక్రీదు గొర్రెలకు వైద్యం చేసే యువతి. ఆమె వస్తున్నదని తెలిసి హాజ్ తెయ్యిబ్, అమీర్ పంజరంతో అరెజ్కీ, వెనకాల సగం హోటలు మెట్లెక్కి వచ్చి గదిలో నిలబడ్డారు. ఆమె పాషాను అరచేతిలో తీసుకుని, రొమ్ము తడిమి, చెవి దగ్గర పెట్టుకుంది.

"బాబాయ్, ఊపిరి శుభ్రంగా ఉంది. ఈకలు రాలడం ఈ వయసుకి మామూలే. కొత్తవి వస్తాయి. ముఖం ఎర్రబడుతుంది."

"మరి ఆయాసమో, డాక్టరమ్మా?"

"అదే తెలియడం లేదు. గొంతు చూడాలి. కాస్త వెలుతురు రానివ్వండి."

వర్దియా వెళ్ళి బాల్కనీ తలుపు తోసింది.

కీ...ర్ర్ర్... అంది తలుపు.

కీ...ర్ర్ర్... అంది డాక్టరు అరచేతిలోని పాషా, వినయంగా.

కీ...ర్ర్ర్... అంది గుడ్డ కింద అమీర్.

అందరి కళ్ళూ తలుపుమీద పడ్డాయి. డాక్టరు తలుపును ఒకసారి మూసి, మళ్ళీ తెరిచింది. శిష్యులిద్దరూ పాఠం తూచా తప్పకుండా అప్పజెప్పారు. రంజాన్ నుంచీ వినీ వినీ ఆ ఇంట్లోవారికి ఆ చప్పుడు చెవిన పడడం మానేసింది. పాషాకు మాత్రం సెల్‌ఫోన్ గురువుకంటే రోజంతా గొంతెత్తే ఈ గురువే నచ్చాడు.

"అల్‌హందులిల్లా!" మెజియాన్ కళ్ళ నీళ్ళు తుడుచుకున్నాడు. "జబ్బు లేదు! ఎవరికీ ఏ జబ్బూ లేదు!"

"జబ్బయితే తగ్గేదయ్యా!" అరెజ్కీ నెత్తి బాదుకున్నాడు. "జబ్బుకి మందుంది. నేర్చిన పాటకి మందేదీ? నా పిట్ట చచ్చేదాకా తలుపై కూస్తుందా, డాక్టరమ్మా?"

"ఆరోగ్యంగా ఉంది కదా," అంది డాక్టరు. "చాలా ఏళ్ళే కూస్తుంది."

హాజ్ తెయ్యిబ్ గొంతు సవరించుకుని, జలుబు మాట తాను ఎన్నడూ గట్టిగా అనలేదని ప్రకటించాడు. మెజియాన్ అదేమీ వినలేదు. పాషాను పంజరంలో పెట్టి, ఇక దాచవలసినదేమీ లేదు గనుక, తెల్లగుడ్డ తీసి మడతపెట్టాడు. లోకాన్ని తొలిసారి చూసిన పాషా, ఆనందం పట్టలేక, మళ్ళీ కీ...ర్ర్ర్... అంది.

వర్దియా వంటింట్లోంచి నూనె గిన్నె తెచ్చింది. బల్లమీది అగ్గిపెట్టె తెరిచి, సాక్ష్యంగా దాచిన ఈకల్లో పొడుగైనదొకటి తీసి, ఆలివ్ నూనెలో ముంచి, తలుపు బందుకు రాసింది.

అంతమంది రోగుల్లో ఆ పూట నయమైంది తలుపొక్కటే.