‘నడిగడ్డ మెరుపులు’ ఘనంగా ఆవిష్కరణ

గద్వాలలోని మా డిగ్రీ కళాశాల వార్షిక సంచిక ‘నడిగడ్డ మెరుపులు’ పురప్రముఖుల సమక్షంలో ఘనంగా ఆవిష్కరింపబడినదని తెలియజేయుటకు సంతోషిస్తున్నాము. పుస్తకం ఇంకా అచ్చు కాలేదన్నది చిన్న సాంకేతిక విషయం. పిల్ల పుట్టకముందే కుల్ల కుట్టించడం మనకేం కొత్త కాదు కదా.

మా కళాశాలలో విద్యార్థి సంఘాలకు కొదవ లేదు. పర్యావరణ సంఘం ఏటా ఒక మొక్క నాటుతుంది. ఏటా అదే గుంతలో నాటుతుంది, ఎందుకంటే ఫోటోకు వెలుతురు అక్కడే బాగుంటుంది. ఒక్క వేపమొక్కను పద్నాలుగు చేతులు పట్టుకుంటాయి. నీళ్లు పోయడానికి మాత్రం ఒక్క చేయీ ఖాళీ ఉండదు. వారసత్వ సంఘం శ్రీరంగాపూర్ వెళ్లి, గుడికి వీపు పెట్టి సెల్ఫీలు దిగి, వారసత్వాన్ని కాపాడి, సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చింది. సాహిత్య సంఘానికి అధ్యక్షుడు, ఉపాధ్యక్షులు, గౌరవ సలహాదారులు అందరూ ఉన్నారు. రాసేవాళ్లు లేరు కాబట్టి అందులో గొడవలు కూడా లేవు.

సంచిక పనికి కామర్స్ లెక్చరర్ శ్రవణ్ కుమార్ గారు ప్రధాన సంపాదకులు. మొదటి సమావేశంలోనే ‘సమష్టి కృషి’ అని తీర్మానించారు. సమష్టి తమ దగ్గర ఉంచుకుని, కృషిని చివరి సంవత్సరం విద్యార్థిని ఫరాకు అప్పగించారు. ఫరా బట్టలు కుట్టే కుబ్రా బేగం బిడ్డ. ఆ పిల్ల తన బ్యాచ్‌లో ప్రతి ఒక్కరి వెంటపడి తలా ఒక పేజీ రాయించి, ఫోటోలు అడిగి తెచ్చి, తనే కంప్యూటర్‌లో కూర్చింది.

అందరికన్నా ఎక్కువ సతాయించింది ఇటిక్యాల ఊరి పద్మజ. హాజరు పలకడం తప్ప తరగతిలో నోరు విప్పని పిల్ల. విత్తనాల కోసం వేసే సీడు పత్తి చేన్లలో పూలు కలిపే క్రాసింగు పనికి పోతూ డిగ్రీ చదివింది.

“మనం రాసింది ఎవలు సదువుతరే?” అంది.

“మీ అమ్మకు నువ్వే సదివి వినిపియ్యి. నీ పేరు, నీ ఫోటో బుక్కుల ఉంటయి. నాది జిమ్మేదారి,” అంది ఫరా.

పద్మజ రాసింది. పొద్దున పువ్వుకు పువ్వు రుద్ది మధ్యాహ్నం పరీక్షకు కూర్చుంటే, వేళ్లకున్న పుప్పొడి జవాబు పత్రానికి అంటిన సంగతి రాసింది. అది చదివి ఫరా ఏడ్చేసింది. ఇటిక్యాలలో తల్లి బాలనాగమ్మ వచ్చేపోయేవాళ్లందరికీ “మా పద్మ బుక్కుల పడుతది” అని చెప్పడం మొదలుపెట్టింది.

ఇంతలో, ఆవిష్కరణకు పిలిచిన ముఖ్య అతిథికి వచ్చే శుక్రవారం తప్ప తీరిక లేదని తెలిసింది. అతిథి కోసం పుస్తకం ఆగుతుంది గాని పుస్తకం కోసం అతిథి ఆగుతాడా? రంగుల అట్ట మాత్రం వేయించి, పాత క్వశ్చన్ బ్యాంకులకు తొడిగి, రిబ్బను కట్టారు.

“నేను ఈ పుస్తకం మొత్తం సదివిన,” అన్నారు ముఖ్య అతిథి మైకు సవరించుకుని. “పేజి పేజికీ మన మట్టివాసన ఉన్నది. కండ్లల్ల నీళ్లు తిరిగినయి.” ఆయన చేతిలో ఉన్నవి స్టాటిస్టిక్స్ ప్రశ్నలు. కన్నీళ్ల మాట అబద్ధమని అనలేము.

పత్రికల్లో ఫోటో వచ్చింది. వారం పోయాక ఫరా ప్రిన్సిపాల్ నిరంజన్ గారి దగ్గరికి వెళ్లింది.

“సార్, బుక్కు ఎప్పుడు అచ్చు వేయిస్తరు?”

నిరంజన్ గారు నిజంగానే తికమకపడ్డారు. “ఆవిష్కరణ అయిపాయె గదమ్మా. పేపర్ల గూడ వచ్చె. ఇంకేం గావాలె?”

“లోపలి పేజీలు సార్.”

“గవి వచ్చే ఏడు సూద్దాం.”

“వచ్చే ఏడు మేముండం సార్.”

“ఏ బ్యాచ్ అయినా ఉంటదా? జర సమజ్ చేస్కో.”

తోటివాళ్లనైనా కూడగడదామని సంఘాల వాళ్లను అడిగింది. “స్టేజీ మీద ఎడమదిక్కు నేనే. ఫోటోల మంచిగనే పడ్డ. ఇగ లొల్లెందుకు?” అన్నాడు సాహిత్య సంఘం అధ్యక్షుడు వంశీ. అతని స్టేటస్‌లో ఆ ఫోటో ఇంకా ఉంది.

చివరికి ఫరా తన చేతి డబ్బులతో ఒక్క ప్రతి ప్రింటు తీయించింది. కుబ్రా బేగం దాన్ని మిషను మీద కుట్టి ఇచ్చింది. పద్మజకు ఇద్దామని ఫరా కళాశాలకు తెస్తే, గేటు దగ్గరే శ్రవణ్ కుమార్ గారి కంట పడింది. గంటలో ‘ద్వితీయ ఆవిష్కరణ’ ఏర్పాటైంది. ప్రిన్సిపాల్, సంపాదకులు, అన్ని సంఘాల అధ్యక్షులు ఒక్క పుస్తకాన్నే పట్టుకుని నిలబడ్డారు. అందరి చేతులూ పుస్తకం మీదే ఉండటంతో ఫోన్ పట్టుకుని ఫోటో తీసే పని పద్మజకు చెప్పారు. తీసింది. చక్కగా వచ్చింది. అనంతరం పుస్తకాన్ని అమూల్యమైనదిగా గుర్తించి, ప్రిన్సిపాల్ గది అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు.

ఫోటోను అన్ని గ్రూపుల్లో పెట్టాము. చప్పట్లు, దండాలు, పూలగుత్తులు కుప్పలుగా వచ్చాయి. మీరు పంపినవి కూడా అందాయి, కృతజ్ఞతలు. లోపల ఏం రాశారని అడిగింది మాత్రం ఇటిక్యాల నుంచి బాలనాగమ్మ ఒక్కతే. ఆమెకు చదువు రాదు కనుక ఆ ప్రశ్నను పరిగణనలోకి తీసుకోలేదు.