గోరింకలకు ప్రభుత్వ గృహం

ఇకమీదట ఏ మతం వాళ్ల ప్రార్థనాస్థలమైనా సరే, పశుపక్ష్యాదులకు కూడా ఇల్లయి తీరాలని, మార్కులేసి బహుమతులు కూడా ఇస్తామని మంత్రిగారు ప్రకటించారు. ఆ మాట అందరికంటే ముందు విన్న అదృష్టం నాది. మైకు నాదే మరి. ఈ ఊళ్లో ఏ మంత్రి ఏం చెప్పినా మా మైక్‌సెట్టులోంచే చెప్పాలి.

మొదటి బహుమతి మా మందిరానికే రావాలని కమిటీ ప్రెసిడెంటుగారు పట్టుబట్టారు. అర్హత లేకేం? అక్కడ తోటపని చేసేది మా పెద్దమ్మ కూతురు. మొక్కలకు మందు కొట్టదు, మూలనున్న పొద జోలికి ఎవర్నీ పోనివ్వదు. మందిరం వెనకగోడ కన్నంలో ఏటా గోరింకలు పిల్లల్ని చేస్తాయి.

తనిఖీకి స్పెషలాఫీసరు వచ్చారు. గొప్ప నిబద్ధత గల మనిషి. కన్నంలోకి టార్చి వేసి చూసి ఫారం తీశారు.

"ఇవి డిపార్ట్‌మెంటు ఇచ్చిన పెట్టెలో ఉండాలి. గోడలో ఉంటే అనధికార నివాసం. పది మార్కులు కట్."

"ఇప్పుడేం చేద్దామండీ?" అన్నారు ప్రెసిడెంటుగారు.

"కన్నం మూసేయండి. పెట్టె తగిలించండి. వేరే దిక్కులేక అందులోకే వస్తాయి."

మా అక్క చేతిలో నీళ్లగొట్టం వదిలేసి పరుగెత్తుకొచ్చింది.

"సార్, లోపల మూడు పిల్లలున్నాయి. ఇంకా రెక్కలు రాలేదు. పదిరోజులు ఆగండి, అవే ఎగిరిపోతాయి."

"మంత్రిగారి డేటు ఎల్లుండమ్మా. పిట్టల డేటు చూసుకుని వస్తారా ఆయన?"

"పోనీ, పిల్లల్నైనా తీసి పెట్టెలో పెట్టనివ్వండి."

"వన్యప్రాణుల్ని చేత్తో తాకడం నేరం!" ఆఫీసరు గారికి నిజంగానే కోపం వచ్చింది.

కార్యక్రమం రోజు పొద్దున్నే తాపీమేస్త్రీ కన్నాన్ని సిమెంటుతో పూడ్చి, దానిమీద మంత్రిగారి పేరు చెక్కిన ఫలకం బిగించాడు. పక్కనే ఆకుపచ్చ రంగు పెట్టె, పెట్టెకి రిబ్బను.

మంత్రిగారు దిగేసరికి రెండు పెద్ద గోరింకలు ఫలకం మీద వాలుతూ, లేస్తూ, ఒకటే అరుపు.

"తమరికి స్వాగతం చెబుతున్నాయండి," అన్నారు ఆఫీసరు.

మంత్రిగారు వాటికి నమస్కారం పెట్టారు. రిబ్బను కత్తిరించి, ఖాళీ పెట్టెలోకి ఆప్యాయంగా తొంగిచూశారు. అంతటితో ఆగలేదు. "రెండు నిమిషాలు మౌనంగా ఉండి ప్రకృతిమాత గొంతు విందాం," అన్నారు.

అందరం విన్నాం. గోడలోంచి సన్నగా కిచకిచలు.

"ఎక్కడిదయ్యా ఆ సౌండు?"

ఆఫీసరు నావైపు చూశారు. "రికార్డింగండి. మన మైక్‌సెట్టతను."

"భేష్! ఎంత సహజంగా ఉంది!"

మా అక్క గునపం పట్టుకుని ఫలకం వైపు నడిచింది. ఇద్దరు కానిస్టేబుళ్లు ఆమెను చెరో రెక్కా పట్టుకున్నారు. "ప్రారంభోత్సవమైన ఫలకం. గీత పడిందా, ఉద్యోగంతోపాటు నువ్వూ లోపలికే," అని ప్రెసిడెంటుగారు ఆమె చెవిలో మర్యాదగానే చెప్పారు.

"ఒరేయ్ తమ్ముడూ, నువ్వు చెప్పరా!" అని అరిచింది అక్క.

నిజమే, చెప్పాల్సింది నేనే. మైకు నా చేతిలోనే ఉంది. ఊరంతా వినేంత వాల్యూమూ ఉంది. వచ్చే నెలలో మంత్రిగారి సభలు ఆరున్నాయి.

"హలో... చెక్," అన్నాను.

మంత్రిగారు ఉపన్యాసం మొదలెట్టి మధ్యలో నాకు సైగ చేశారు, ఆ కిచకిచల సౌండు కాస్త తగ్గించమని. నేను నాబు తిప్పాను. ఆయన తృప్తిగా తలూపారు.

మొదటి బహుమతి మా మందిరానికే వచ్చింది. నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు. ఫలకానికి కాపలాగా ఒక కానిస్టేబులును పెట్టి వెళ్లారు.

మర్నాడు సాయంత్రానికి సౌండు దానంతటదే తగ్గింది.