సూదిమణి పెట్టిన ఒకే ఒక్క దరఖాస్తు

ఒక పెద్ద అడవిలో పులికి పని లేకుండా పోయింది. కౌన్సిల్ వచ్చింది మరి. కౌన్సిల్ అన్నాక సెక్రటరీ ఉండాలి కనుక నక్క వచ్చింది. నక్క వచ్చాక దరఖాస్తులు వచ్చాయి. దరఖాస్తులు రాయడానికి కలాలు కావాలి కదా, ముళ్ళపందులు రాల్చిన ముళ్ళని నేరేడు రసంలో ముంచి రాసేవారు.

ముళ్ళు వాడుకున్నారే గాని, ముళ్ళపందుల పక్కన మాత్రం ఎవరూ కూర్చునేవారు కాదు. ముళ్ళపంది పిల్ల సూదిమణి బడిలో చదివినన్నాళ్ళూ బెంచీ మీద ఒక్కతే కూర్చుంది. పెళ్ళికి వెళితే ఆమె పక్క విస్తరి ఎప్పుడూ ఖాళీయే.

ఆ ఏడు ఆస్పత్రిలో నర్సు ఉద్యోగం ఒకటి, స్టేషన్లో పోలీసు ఉద్యోగం ఒకటి పడ్డాయి. ఒక జంతువు ఒకే దరఖాస్తు పెట్టాలి. చేరితే జన్మంతా అదే. గడువు ఆదివారం.

"ఆలోచించేదేముందమ్మా? పోలీసే!" అన్నాడు తండ్రి గండయ్య. "మిగతావాళ్ళకి లాఠీ కౌన్సిల్ ఇవ్వాలి. నీకు దేవుడే ఇచ్చి పంపాడు. నువ్వొకసారి ఒళ్ళు విదిలిస్తే దొంగ వెళ్ళి పక్క అడవిలో తేలతాడు."

"నీ మొహంలా ఉంది," అంది మేనత్త తిరుపాలమ్మ. "ఒంటినిండా సూదులున్న పిల్లని నర్సు చెయ్యక పోలీసుని చేస్తావుట్రా? ఆస్పత్రివాళ్ళు కళ్ళకద్దుకుంటారు."

సూదిమణికి ఏం కావాలో ఆ ఇద్దరూ అడగలేదు. ఆమెకి నర్సు కావాలనే ఉంది, కానీ సూదుల కోసం కాదు. జ్వరంతో పడుకున్నవాడు లేచి పారిపోలేడు, నుదుటి మీద చెయ్యి వేస్తే వేయనిస్తాడు అని ఆమె ఆశ. పోలీసు అయితే ఇప్పుడు మూడు బారల దూరంలో నిలబడేవాళ్ళు ముప్ఫై బారలు జరుగుతారని భయం.

అయితే సెక్రటరీ నక్క అప్పటికే కొత్త రూలు పెట్టింది. కిందటేడు పోలీసుల్లో చేరిన తాబేలు, "పోలీసులు పరిగెత్తాలని నాకు ముందే చెప్పలేదేం?" అని కౌన్సిల్ మీద కేసు వేసింది. అందుకని దరఖాస్తు పెట్టేముందు రెండు చోట్లా ఒక్కోరోజు పని చేసి చూడాలి.

శుక్రవారం సూదిమణి ఆస్పత్రికి వెళ్ళింది. మేట్రన్ కొంగ ధవళమ్మ ఈ పిల్ల మీద ఎప్పుడో కన్నేసింది. ఆస్పత్రి ఎంత హాయిగా ఉంటుందో చూపిద్దామని ఒక కుందేలుని బతిమాలి, లేని జ్వరం తెప్పించి, ఉతికిన దుప్పటి కప్పి పడుకోబెట్టింది.

కుందేలు ఆస్పత్రిలో ఉందన్న కబురు ఎలా పాకిందో పాకింది. ఆ అడవిలో ఒకరికి ఒంట్లో బాగాలేదంటే ఊరంతా బత్తాయిలు పట్టుకుని పరామర్శకి రావలసిందే. రానివాళ్ళని జన్మంతా గుర్తుపెట్టుకుంటారు. పది కొట్టేసరికి కుందేలు తరఫు బంధువులు నూట నలభైమంది దిగారు. వియ్యాలవారు విడిగా వచ్చారు.

"ఏం తిన్నాడు? ఎవరి చేతి వంట తిన్నాడు?" అని ఒకావిడ మంచమెక్కి ఏడుస్తోంది. ఇంకొకాయన డాక్టరుగారి గూబ పగలగొడతానంటున్నాడు.

"అమ్మాయ్! ఇక్కడేం పని నీకు? గేటు దగ్గర నిలబడు!" అని అరిచింది ధవళమ్మ. "ముళ్ళు లేపు! ఇంకా లేపు!"

పొద్దుగూకేదాకా సూదిమణి గేటు దగ్గర ముళ్ళు లేపుకుని నిలబడింది. వచ్చినవాళ్ళు వచ్చినట్టే బెదిరి వెనక్కి పోయారు. ఒక కుందేలు పిల్ల ఆమెని చూసి కెవ్వుమంది. సూదిమణి ఒక్క నుదురైనా తాకలేదు.

"ఎంత ప్రశాంతంగా ఉందో! నువ్వు చేరితే రోజూ నీకు గేటు డ్యూటీయే," అంది ధవళమ్మ మురిసిపోతూ.

ఇంటికి వచ్చి సూదిమణి ముద్ద ముట్టలేదు. ఆస్పత్రే ఇలా ఉంటే ఇక స్టేషన్ సంగతి చెప్పాలా అనుకుంది.

శనివారం స్టేషన్లో ఇన్‌స్పెక్టరు దుమ్ములగొండి దండపాణి ఎదురొచ్చి సెల్యూట్ కొట్టాడు. ఆయన ఎత్తు ఆయనకుంది. కోటిగాడనే కోతికి ముందే చెప్పి ఉంచాడు: సీతాఫలాల బుట్ట ఎత్తుకుని పారిపో, పిల్ల ముళ్ళు చూడగానే లొంగిపో, మేం చప్పట్లు కొడతాం. పిల్ల మనసు పోలీసు మీద పడిపోతుంది.

కానీ ఇది ఉత్తుత్తి దొంగతనమని కానిస్టేబుళ్ళకి చెప్పలేదు. కిందివాళ్ళకి ఏదైనా ముందే చెబితే ఇన్‌స్పెక్టరుకి పరువు తక్కువట.

కోటిగాడు బుట్ట ఎత్తాడో లేదో, ఎలుగుబంటీ అడవిదున్నా వాడి మీద పడి చితకబాదాయి. "సార్, ఇది ఒప్పందంలో లేదు సార్!" అని వాడు లబోదిబోమన్నాడు. ఆ కేక విని చెట్ల మీద ఉన్న వాడి చుట్టాలందరూ వెలగకాయలు విసరడం మొదలెట్టారు. ఎలుగుబంటి బుర్ర బొప్పి కట్టింది. అడవిదున్న కన్ను వాచింది. దండపాణి బల్ల కిందకి దూరబోయి నడుం పట్టేసుకున్నాడు.

సూదిమణి ప్రథమచికిత్స పెట్టె తెరిచింది. అందులో దండపాణిగారి పెరుగన్నం, ఆవకాయ ముక్క ఉన్నాయి.

ఆమె పరుగున వెళ్ళి పసుపుకొమ్ములు తెచ్చి నూరింది. అరిటాకులు చీల్చి కట్లు కట్టింది. చివరికి కోటిగాడి దగ్గరకి వెళితే వాడు గోడకి అతుక్కుపోయాడు.

"నన్ను గుచ్చకు తల్లీ."

"గుచ్చను. ఇటు రా."

సూదిమణి ఊపిరి బిగబట్టి ఒంటి మీద ముళ్ళన్నీ ఒక్కొక్కటే వెనక్కి పడుకోబెట్టింది. కోటిగాడు కాసేపు చూశాడు. పాక్కుంటూ వచ్చి ఆమె ఒళ్ళో తల పెట్టుకుని, "అమ్మా" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆమె దగ్గరకి తనంతట తానుగా వచ్చిన మొదటి ప్రాణి అదే. కట్టు కడుతుంటే సూదిమణికి కళ్ళు మసకబారాయి. రెండుసార్లు ముడి తప్పింది.

ఆదివారం తన ముల్లే ఒకటి పీకి, నేరేడు రసంలో ముంచి దరఖాస్తు నింపింది. పోలీసు అని రాసింది.

"నా బిడ్డ! ఇక ఈ అడవి గడగడలాడాల్సిందే!" అని గండయ్య తొడ కొట్టాడు. తిరుపాలమ్మ మూడు రోజులు అలిగి పడుకుంది.

ఏడాది తిరిగింది. అడవి గడగడలాడలేదు. తెల్లారేసరికి స్టేషన్ ముందు క్యూ కడుతున్నారు. కాల్లో ముల్లు దిగినవాళ్ళు, గడ్డలు లేచినవాళ్ళు, ఊరికే కాసేపు కూర్చుందామని వచ్చినవాళ్ళు.

"ఇది స్టేషనా, ధర్మాసుపత్రా?" అని దండపాణి రోజూ చిందులేస్తాడు. మధ్యాహ్నం పన్ను నొప్పని ఆయనే వెనకనించి వచ్చి క్యూలో దూరతాడు.

"సార్, లైన్లో రండి," అంటుంది సూదిమణి. చుట్టూ కూర్చున్నవాళ్ళు జరిగి ఆయనకి చోటిస్తారు. ఎంత జరిగినా ఆమె పక్కన మాత్రం చోటుండదు.

అటు ధవళమ్మ కూడా నర్సు ఖాళీ నింపుకుంది. పోలీసు పరీక్షలో "మరీ కోపిష్టి" అని తీసేసిన తోడేలుకి తెల్ల చీర కట్టి గేటు దగ్గర నిలబెట్టింది.

నీతి: నలుగురినీ దగ్గరకి తీసుకోవాలనుంటే పోలీసుల్లో చేరండి; తరిమికొట్టాలనుంటే ఆస్పత్రికి దరఖాస్తు పెట్టండి.