కలుగుకి ఐదు దారులు

ఒక పెద్ద అడవిలో పానకాలు అనే పందికొక్కు పెళ్లాంబిడ్డలతో కాపురముండేవాడు. తిండికి లోటు లేదు. లోటల్లా ధైర్యానికే. కరువొచ్చిన ఏడాది వాళ్ల నాన్న ఖాళీ కలుగులో డొక్కలెండి చచ్చిపోయాడు. అది కళ్లారా చూసిన దగ్గర్నుంచీ పానకాలుకి చావంటే హడలు. గింజ కనబడితే చాలు, లోపలికి ఈడ్చేవాడు.

ప్రతి కలుగుకీ ఐదు దారులుండాలని అడవి పంచాయతీ చట్టం. ఒకటి రాకపోకలకి, నాలుగు పారిపోవడానికి. గదులన్నీ నిండిపోయాక పానకాలు పారిపోయే దారుల్లో కూడా గింజలు కూరడం మొదలెట్టాడు.

ఓ రోజు పంచాయతీ తరఫున ఉడుముగారు తనిఖీకి వచ్చారు.

“ఏమయ్యా, దారులేవీ?”

“ఉన్నాయండీ, గింజల వెనకాల ఉన్నాయి,” అంటూ పానకాలు నాలుగు పిట్టగుడ్లు ముందు పెట్టాడు.

ఉడుముగారు గుడ్లు మింగి, ‘నాలుగు దారులూ భద్రం’ అని రాసుకుని వెళ్లారు.

పానకాలు భార్య నాంచారమ్మకి ఒళ్లు మండింది. “పామొస్తే ఎటు పోతావయ్యా? ఒక్క దారన్నా వదులు!”

“ఖాళీ చూస్తే మా నాన్నే కళ్లముందు కనబడతాడే. నావల్ల కాదు.” అన్నాడు పానకాలు. పాపం, ఆ ముక్క మాత్రం నిజం.

“అయితే ఆ గింజలతోనే కాపురం చేసుకో!” అని ఆవిడ పిల్లల్ని తీసుకుని పుట్టింటికి పోయింది. పిల్లలు పడుకునే చోటు బోసిగా కనబడేసరికి పానకాలు తట్టుకోలేకపోయాడు. సాయంత్రానికల్లా అక్కడ జొన్నలు పోశాడు.

మూడోనాడు నాగన్న అనే తాచుపాము రాకపోకల దారిలోంచి తాపీగా లోపలికొచ్చాడు. పానకాలు ఒక దారికి ఉరికితే వడ్లు అడ్డం. ఇంకోదానికి ఉరికితే రాగులు. మూడోదాన్నిండా పెసలు. నాలుగోది తవ్వబోయాడు. తవ్వినకొద్దీ పైనుంచి గింజలు జారాయి.

“కంగారుపడకు, నాకేం తొందర లేదు,” అన్నాడు నాగన్న.

పానకాలు చావు మీద పంచాయతీ విచారణకి కూర్చుంది. “దారులన్నీ మూసుకున్నాడు బాబూ, చెబితే వినలేదు,” అని నాంచారమ్మ గుండెలు బాదుకుంది.

ఉడుముగారు గొంతు సవరించుకున్నారు. “నాలుగు దారులూ భద్రమని నా రిపోర్టులోనే ఉంది. పాము దూరింది ఖాళీగా ఉన్న ఐదో దారిలోంచి. అంటే తప్పు ఖాళీది! ఇకమీదట అందరూ నాలుగు దారులూ నింపాల్సిందే. ఐదోది ఉండనివ్వండి, తనిఖీకి నేను రావాలి.”

తీర్మానానికి మొట్టమొదట తోకెత్తినవాడు ముందువరసలో కూర్చున్న నాగన్న. ఆ వెంటనే అందరూ గింజల కోసం పరుగెత్తారు.

నీతి: చావుకి భయపడి దాచుకున్నది ఎన్నడూ వృథా పోదు, చావుకి పనికొస్తుంది.