గోడకో జంపఖానా

ఆ పొద్దున రాజలింగు అనుకున్న పని చాలా చిన్నది. మగ్గం విప్పి ఎడ్లబండిలో వేసుకోవాలి, కొత్తవాడలో కట్టిస్తున్న గదికి చేర్చాలి, మధ్యాహ్నానికల్లా మేస్త్రీలతో పైన పెంకులు కప్పించుకోవాలి. అద్దె గది ఖాళీ చేయించడానికి ఇంటి యజమాని కిషన్ రావు అప్పటికే తాళం పట్టుకుని అరుగు మీద నిలబడ్డాడు. మర్నాడే మృగశిర కార్తె, వానలు దిగే రోజు. బండి ఎక్కాల్సిన వాటిలో సగం నేసిన రంగునూలు పడుగు ఉంది. అది తడిస్తే ఆ వానాకాలమంతా ఇంట్లో పొయ్యి వెలగదు.

నిజానికి మొన్నమొన్నటి దాకా, రెండు నెలలు గడిచినా ఆ గది పునాది దాటి లేవలేదు. మేస్త్రీ ఎల్లస్వామికి ఒకనాడు పాలకుర్తిలో మొక్కు, ఒకనాడు బామ్మర్ది పెళ్లి. చివరికి రాజలింగు భార్య రాజవ్వకే ఉపాయం తట్టింది.

"ఉత్తగ బతిమిలాడితె ఎవలు జేస్తరయ్యా? గోడ లేపినోనికి గోడకో జంపఖానా ఇస్తనను. ఎట్ల ఉరుకుతరో సూడు."

ఉపాయం పారింది. వాళ్ల ఖర్మ అక్కడే కాలింది. మర్నాటికల్లా నలుగురు మనుషులు నాలుగు గోడలు పంచుకున్నారు. ఆ నలుగురిలో పోశయ్య, వెంకటయ్యలతో పాటు, ఆశ ఆగక ఎల్లస్వామి కూడా ఉన్నాడు. దాంతో మొత్తం గదిని చూసే మనిషంటూ లేకుండా పోయాడు. ఎవరి పరంజా వాళ్లు బయటివైపు వేసుకుని, పక్క గోడ తనకన్నా ఎత్తు పెరిగిందా అని తప్ప మరేమీ చూడకుండా ఇటుకలు పేర్చారు.

రాజలింగు అటు పోయి చూసేవాడే. కానీ నాలుగు జంపఖానాలు నేయాలి కదా! పది రోజులు మగ్గం దిగలేదు. రాజవ్వ రాట్నం వదల్లేదు. పదకొండో నాటి సాయంత్రం ఎల్లస్వామి వచ్చాడు.

"నాలుగు గోడలు లేచినయ్ కాకా. ఇంచు వంకరుంటె నా పేరు మార్చుకుంట."

రాజలింగు సంతోషంగా నాలుగూ ఇచ్చి పంపాడు.

ఇప్పుడు బండి కొత్త గది ముందు ఆగింది. రాజలింగు గది చుట్టూ ఒకసారి తిరిగాడు. ఇంకోసారి తిరిగాడు.

"ఎల్లస్వామీ, దర్వాజ ఏదిరా?"

ఎల్లస్వామి కూడా ఒక చుట్టు తిరిగొచ్చాడు. "పోశయ్య గోడకుంటదనుకున్న."

"నేను వెంకటయ్య గోడకనుకున్న," అన్నాడు పోశయ్య.

"ఏ దిక్కుకు పెట్టాల్నో పంతుల్నడిగి చెప్తనంటివి గద కాకా?" అన్నాడు వెంకటయ్య.

నిజమే. నేతలో పడి రాజలింగు పంతుల్ని అడిగే మాటే మరిచిపోయాడు. పసుపు రాసిన దర్వాజ చెక్క ఇసుక కుప్పకు ఆనుకుని అలాగే ఉంది.

"సరే, ఏదో ఒక గోడ పగలగొట్టుండ్రి."

ఎవరూ కదల్లేదు. వాపసు అడుగుతాడేమోనన్న భయంతో ఎవరి జంపఖానా వాళ్లు భుజాన వేసుకునే వచ్చారు.

"నా గోడ ముట్టద్దు," అన్నాడు పోశయ్య. "రేపు సగం గోడ, అధూరా గోడంటవ్, జంపఖానా గుంజుకుంటవ్."

మిగతా ముగ్గురిదీ అదే మాట. బేరసారాలతో మధ్యాహ్నం దాటింది. పడమటి వైపు ఆకాశం నల్లబడింది. రాజలింగు చేతులు జోడించాడు.

"మీకు దండం పెడ్త! పగలగొట్టినోనికి ఇంకో జంపఖానా ఇస్త!"

ఆ మాట అనేసి, పడుగు మీద కప్పడానికి పైపంచె తీసుకుని బండి దగ్గరికి పరుగెత్తాడు. వెనక్కి తిరిగేసరికి నాలుగు గోడల్లోనూ నాలుగు గడ్డపారలు దిగుతున్నాయి.

"ఆగుండ్రి! ఒక్కటి చాలు! ఒక్కటి!"

ఎవరికీ వినపడలేదు. నలుగురూ పది రోజులుగా నేర్చుకున్న వేగంతోనే పనిచేశారు. పచ్చి గోడలు కావడంతో కంతల మీది ఇటుకలు కూడా జారి కింద పడ్డాయి. ఆ గోడల మీద దూలం పెట్టే ధైర్యం ఎవరికీ లేదు.

వాన మొదలైంది. పైపంచె ఏపాటి ఆపుతుంది? పడుగు తడిసి రంగులు ఒకదాన్లోకి ఒకటి దిగాయి. రాజవ్వ బండి చక్రం పట్టుకుని ఏడ్చింది. మేస్త్రీలు మాత్రం జంపఖానాలు నెత్తిన కప్పుకుని, చుక్క తడవకుండా ఇళ్లకు బయలుదేరారు.

"కాకా, నాలుగు దర్వాజలు," అంటూ ఎల్లస్వామి వెనక్కి తిరిగి నాలుగు వేళ్లు చూపించాడు.

గాలీ వెలుతురూ అంత బాగా వచ్చే మగ్గాల గది కొత్తవాడలో ఇంకొకటి లేదు.