చేతి సైకిల్ ప్రారంభోత్సవం

వెన్నుపాము దెబ్బతిన్న ప్రతి పౌరుడి దమ్మునూ మూడు నెలల్లో నలభై శాతం పెంచి తీరుతామని మన ఆరోగ్యమంత్రిగారు మైకు పట్టుకుని ప్రకటించారు. మాటను శాతంతో సహా ఇచ్చే మనిషిని నా డెబ్బై ఆరేళ్లలో ఆయన్నే చూశాను. మా ఆయన ఉన్నన్నాళ్లూ "చూద్దాంలే" తప్ప మరో అంకె చెప్పి ఎరుగరు.

మా మనవరాలు మేడమెట్ల మీంచి పడి రెండేళ్లయింది. నడుము కింద చలనం లేదు. చేతులు బాగానే ఉన్నాయి కానీ, చక్రాల కుర్చీ నాలుగు బారలు తోసుకుంటే ఆయాసం. లైబ్రరీ వాళ్లు ఉద్యోగం ఇస్తామన్నారు. గేటు నుంచి ర్యాంపు ఎక్కి, తన బల్ల దాకా తనే రాగలగాలన్నారు. ఆసుపత్రికి కూర్చున్నచోటే చేతులతో తిప్పే కసరత్తు సైకిల్ వచ్చిందనగానే పరుగెత్తి పేరు రాయించాను.

సైకిల్ నిజంగానే వచ్చింది. హాల్లో ప్లాస్టిక్ కవరు కప్పుకుని, రిబ్బను కట్టుకుని బుద్ధిగా కూర్చుంది.

"పిల్ల ఓసారి తిప్పొచ్చా బాబూ?"

"ప్రారంభోత్సవం కాకుండా ముట్టుకోకూడదు బామ్మా," అన్నాడు ఆఫీసరు. "ప్రోటోకాల్."

ప్రారంభోత్సవం గురువారం, రిహార్సల్ బుధవారం. పన్నెండు మంది కుర్చీలవాళ్లు, వెనక నుంచి ఎవరూ తోయకుండా, ఆసుపత్రి ర్యాంపు ఎక్కి వచ్చి మంత్రిగారికి నమస్కారం పెట్టాలి. మంత్రిగారి స్థానంలో అటెండరును కూర్చోబెట్టారు. మావాళ్లు ఆరు నిమిషాల్లో ఎంత దూరం తోసుకోగలరో ఫిజియో డాక్టరమ్మ కొలిచి రాసుకుంది.

మా పిల్ల ర్యాంపు మీద ఆరుసార్లు ఆగింది.

"ఇలా ఆగితే వీడియో పాడైపోతుందమ్మా! మళ్లీ గేటు నుంచి!" అని అరిచాడు ఆఫీసరు.

గురువారం మంత్రిగారికి అర్జెంటు మీటింగు. ప్రారంభోత్సవం వాయిదా పడింది, రిహార్సల్ పడలేదు. "టచ్ పోకూడదు," అన్నాడు ఆఫీసరు. వారానికి మూడు రిహార్సల్సు. మంత్రిగారికి ఓ వారం జలుబు, ఓ వారం విదేశం, ఓ వారం పార్టీ మీద అలక. నమస్కారాలు అందుకునీ అందుకునీ అటెండరు ఆఫీసర్నే "ఏమయ్యా" అనడం మొదలుపెట్టాడు.

మూడో నెల చివర మంత్రిగారు వచ్చారు. మా పిల్ల ఒక్కసారైనా ఆగకుండా ర్యాంపు ఎక్కేసింది. నా కళ్లు చెమర్చాయి. ఆయన రిబ్బను కత్తిరించారు. డాక్టరమ్మ మళ్లీ కొలిచి, "నలభై ఒక్క శాతం పెరిగింది సార్," అంది.

"చూశారా మన సైకిల్ సత్తా!" అన్నారు మంత్రిగారు. చప్పట్లు మోగాయి.

నేను ఆఫీసరు పక్కకు జరిగి, "కవరు ఇంకా విప్పనేలేదు నాయనా," అన్నాను.

"విప్పకుండానే ఇంత పెరిగిందంటే ఎలాంటి మిషనో ఆలోచించండి!"

చప్పట్లు ఆగకముందే ఇద్దరు మనుషులు సైకిల్ని వ్యానులోకి ఎక్కించారు.

"అయ్యో, ఎక్కడికి?"

"ఇక్కడ లక్ష్యం పూర్తయింది బామ్మా. పక్క ఊరికి."

"మా పిల్ల ఇంకా ఒక్కసారైనా తిప్పలేదయ్యా! లైబ్రరీ ర్యాంపు దీనికి రెండింతలుంది!"

"లక్ష్యం దాటిన పేషెంటుకి సైకిల్ ఇచ్చే రూలు లేదు."

నేను నోరు తెరిచేలోగా మా పిల్ల కుర్చీ ఆఫీసరు ముందుకు తోసుకొచ్చి, రెండు చేతులూ జోడించింది.

"సార్, పక్క ఊళ్లో రిహార్సల్సు ఎప్పటి నుంచి?"