ఆన్‌లైన్ ప్రార్థనకు స్తోత్రం!

గృహ ప్రార్థన ఫోన్‌లోకి వెళ్ళిపోవడమే ఈ కాలంలో క్రైస్తవులకు జరిగిన అతి పెద్ద మేలు. కాదనేవాళ్ళు చేయి ఎత్తండి. లేవనక్కర్లేదు, స్క్రీన్ కింద చేతి బొమ్మ ఉంటుంది, నొక్కితే చాలు!

పాత పద్ధతి ఎంత కష్టమో గుర్తుందా? కేజీఎఫ్ బంగారు గనుల దగ్గర, గోడకు గోడ ఆనుకున్న మా మైనింగ్ లైన్ ఇండ్లలో ప్రతి శుక్రవారం సాయంత్రం ఎవరో ఒకరింట్లో ప్రార్థన. చాపలు పరచాలి. టీ పెట్టాలి. మా ఆవిడ ఉన్నప్పుడైతే మసాలా వడలు కూడా. గది ఇరుకు, పక్కవాళ్ళ మోకాళ్ళు తగిలేవి. పాట ఎత్తుకుంటే ఎదురింటి అక్కయమ్మది ఒక శ్రుతి, పక్కింటి మునిశంకర్‌ది ఇంకో శ్రుతి. దేవుడు దేన్ని వినాలి?

ఇప్పుడు పాస్టర్‌గారు అందర్నీ మ్యూట్‌లో పెడతారు. ఎంత చక్కటి సామరస్యం!

కళ్ళు మూసుకోనక్కర్లేదు, కెమెరా మూస్తే చాలు. రాగిముద్ద గెలుకుతూ ఆమెన్ అనవచ్చు. వెనకటికి ప్రార్థనలో ఎవరైనా ఏడిస్తే పక్కనున్నవాళ్ళకు ఎంత ఇబ్బంది! వీపు మీద చెయ్యి వెయ్యాలి. ఇప్పుడు పూల మధ్య ఆదరణ వాక్యం పంపితే సరి. మా ఆవిడ పోయినప్పుడు నాకు అలాంటి పూలు ఎన్ని వచ్చాయంటే, ఫోన్ నిండిపోయి, పాత ఫోటోలు తీసెయ్యమంది. పాతవన్నీ ఆమె ఫోటోలే.

ఈ మేలులో నా వాటా కూడా ఉంది. మా లైన్‌లో టవర్ సిగ్నల్ అంతంతమాత్రం, వైఫై ఉన్నది మా ఇంట్లోనే. పాస్‌వర్డ్ అందరికీ నేనే ఇచ్చాను. ఎవరి గోడ వెనక వాళ్ళు, నా వైఫైతో, నా గడప తొక్కకుండా, నాతో కలిసి ప్రార్థించారు. ఐక్యత అంటే ఇది కాదా?

పోయిన నెల మాత్రం చిన్న లోపం తలెత్తింది. వైఫై మా ముందుగది దాటడం మానేసింది. శుక్రవారం ప్రార్థన వేళకు అక్కయమ్మ ఫోన్ పట్టుకుని వాకిట్లో నిలబడింది.

"ఏమప్పా, మీ వైఫైకి ఏమొచ్చింది? మా ఇంట్లో సున్నా తిరగతానే ఉండాది!"

"ఈడ బాగానే వస్తా ఉండాదమ్మా. లోపలికి రా."

వెనకనే మునిశంకర్, ఇంకా నలుగురైదుగురు.

"యాడ కూర్చునేదన్నా? కుర్చీల మీదంతా నీ బట్టలే!"

"ఇంగేం చేసేది, చాప పరుచు."

ఇన్ని ఫోన్లు ఒకే గదిలో మాట్లాడేసరికి పాస్టర్‌గారి మాట ముందొకటి వెనకొకటిగా వినిపించి ఒకటే గోల. ఒక్కటి ఉంచి మిగతావి ఆపేశారు. కాసేపటికి దాని చార్జింగ్ కూడా అయిపోయింది. ఎవరూ ఇంకో ఫోన్ తియ్యలేదు. మునిశంకర్ పాట ఎత్తుకున్నాడు. అక్కయమ్మ తన శ్రుతి తాను అందుకుంది. ఆ పాట మా ఆవిడకు ఇష్టం. రెండో చరణంలో నేను పాట ఆపి, తువ్వాలుతో మొహం కప్పుకున్నాను. వీపు మీద ఎవరిదో చెయ్యి పడింది. చూశారా ఇబ్బంది!

పాట అయ్యాక అక్కయమ్మ టీ పెడతానని వంటింట్లోకి పోయింది. నేను వద్దంటూనే ఉన్నాను. చాలాసేపటికి గ్లాసులతో తిరిగివచ్చి, నాది నా చేతికిస్తూ చెవి దగ్గర మెల్లగా అంది:

"వైఫై డబ్బాను రాగిపిండి డ్రమ్ము వెనకాల పెట్టినావు గదప్పా, సిగ్నల్ బయటికి పోయేదానికి పక్కన రవంత సందు ఉండాది. బియ్యం డ్రమ్ము కూడా అడ్డం జరిపినాను."